గట్టిగా ఊదితే శ్రుతి తప్పే వాద్యంతో బతకడం

నమస్కారమండీ. రికార్డర్ అనగానే మన ఇళ్ళలో ఇప్పటికీ క్యాసెట్లు పెట్టే డబ్బానే గుర్తొస్తుంది. ఇది ఆ రికార్డర్ కాదు. నిలువుగా పట్టుకుని ఊదే ఐరోపా చెక్క వేణువు. పాటను మనసులో నిలుపుకుని మళ్ళీ మళ్ళీ పలకడాన్ని మనం వల్లె వేయడం అంటాం కదా, ఆ అర్థంలో పాత ఫ్రెంచిలో ఉన్న ఒక మాట నుంచి ఈ పేరు వచ్చింది. జర్మన్లు బ్లాక్‌ఫ్లోటె అంటారు. లోపల చెక్క దిమ్మ ఉంటుంది, అందుకని. ఇటలీవాళ్ళు ఫ్లావుతో దోల్చె అన్నారు, తీయని వేణువని.

చిన్నదాని నుంచి పెద్దదాకా సొప్రానినో, సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని దీనికి సైజులుంటాయి. ఇదిగో, నా చేతిలో ఉన్నది ఆల్టో. మూడు ముక్కలుగా ఊడుతుంది. పైముక్క మూతిలో సీడర్ చెక్క దిమ్మ బిగించి ఉంది. దిమ్మకీ పైగోడకీ మధ్య సన్నటి సందు. మనం ఊదిన గాలి ఆ సందులోంచి పోయి, ఎదురుగా ఉన్న పలచటి అంచుకు తగులుతుంది. శబ్దం అక్కడే పుడుతుంది. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి.

మన వేణువుకీ దీనికీ అసలు తేడా పెదవి దగ్గర ఉంది. వేణువు వాయించేవారు ఊపిరి పెంచినప్పుడు పెదవి కోణం కాస్త మార్చి శ్రుతిని పట్టుకుంటారు. రికార్డర్‌లో గాలి దారిని తయారీదారు చెక్కలోనే చెక్కేశాడు. పెదవికి పని లేదు. గట్టిగా ఊదితే శ్రుతి పైకి పోతుంది, మెల్లగా ఊదితే దిగిపోతుంది.

(ఒకే స్వరాన్ని మెల్లగా, గట్టిగా వాయించి చూపారు.)

విన్నారు కదా. ఈ ఒక్క లోపం ఉంది చూశారూ, రికార్డర్ కళాకారుల వృత్తి మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది. ఏ సంగీతం దొరుకుతుంది, ఏది దొరకదు, ఎన్ని వాద్యాలు కొనాలి, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, పాత సంగీతం వాయించేవాళ్ళే మళ్ళీ అతి కొత్త సంగీతం ఎందుకు వాయిస్తారు, అన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. నెదర్లాండ్స్‌లో డోర్డ్రెక్ట్ దగ్గర ఒక పాడుబడ్డ కోట తవ్వకంలో 1940లో దొరికిన రికార్డర్ 14వ శతాబ్దం నాటిది. 1535లో వెనిస్‌లో గనాస్సీ అనే వాద్యకారుడు ఈ వాద్యం మీద ఒక పాఠ్యగ్రంథం అచ్చు వేశాడు. 1700 ప్రాంతానికి లండన్, పారిస్, న్యూరెంబర్గ్‌లలో మంచి తయారీదారులున్నారు. జర్మన్ స్వరకర్త టెలిమాన్ స్వయంగా వాయించేవాడు. ఆ కాలపు మరో జర్మన్ స్వరకర్త బాఖ్ 1721 నాటి బ్రాండెన్‌బుర్గ్ కాన్చెర్టోలనే బృంద రచనల్లో రెండో దానిలోనూ నాలుగో దానిలోనూ దీనికి చోటిచ్చాడు. ఆ తర్వాత గదులు పెద్దవయ్యాయి, వాద్యబృందాలు పెరిగాయి, ఒకే స్వరాన్ని చిన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయే రుచి వచ్చింది. అడ్డంగా పట్టుకునే ఫ్లూట్ ఆ పని చేయగలదు, ఇది చేయలేదు. 18వ శతాబ్దం రెండో సగానికల్లా రికార్డర్ దాదాపు మూలన పడింది. మోత్సార్ట్, బేతోవెన్, బ్రామ్స్ వీళ్ళెవరూ దీనికి ఏమీ రాయలేదు. నూటయాభై ఏళ్ళ పైచిలుకు ఖాళీ అన్నమాట.

తిరిగి రావడం ఒక సంచీ పోవడంతో మొదలైంది. 1919లో లండన్ వాటర్‌లూ స్టేషన్‌లో పాత వాద్యాలు వాయించే డోల్‌మెచ్ కుటుంబం సామాన్లలో ఒక సంచీ ఉండిపోయింది. అందులో లండన్ తయారీదారు బ్రెస్సాన్ చేసిన 18వ శతాబ్దపు ఆల్టో ఉంది. పోయినదాని బదులు ఆర్నల్డ్ డోల్‌మెచ్ తనే ఒకటి తయారు చేసుకున్నాడు. కొలతలు ముందే రాసి పెట్టుకున్నాడు గనక సరిపోయింది. ఆధునిక రికార్డర్ తయారీకి అక్కడినుంచే లెక్క వేస్తారు.

అయితే, దీన్నే పూర్తి వృత్తిగా చేసుకోవచ్చని చూపించినవాడు ఫ్రాన్స్ బ్రుఖ్ఖెన్ అనే డచ్ కళాకారుడు. 1934లో ఆంస్టర్‌డామ్‌లో పుట్టాడు, కేస్ ఓటెన్ దగ్గర నేర్చుకున్నాడు, 21 ఏళ్ళకే ది హేగ్ రాయల్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. ఆయన పని రెండు వైపులా సాగింది. ఒకవైపు 18వ శతాబ్దపు అసలు వాద్యాలు సేకరించి వాటి మీదే రికార్డులు చేశాడు. ఆస్ట్రేలియా తయారీదారు ఫ్రెడ్ మోర్గన్ ఆ వాద్యాలను కొలిచి గీసిన చిత్రాలు 1981లో అచ్చయ్యాయి. ఇప్పుడు ఎన్నో దేశాల్లో చేసే నకళ్ళకు ఆ కొలతలే ఆధారం. రెండో వైపు, బతికి ఉన్న స్వరకర్తలతో కొత్తవి రాయించాడు. లూయీ ఆండ్రీసెన్ 1964లో, లుచానో బెరియో 1966లో, మకోతో షినోహరా 1968లో ఆయన కోసం రాశారు. మధ్యలో నూటయాభై ఏళ్ళ సంగీతం లేనప్పుడు ఆ చివరా ఈ చివరా పట్టుకోక తప్పదు కదా. 1972లో కేస్ బూకె, వాల్టర్ వాన్ హౌవెలతో కలిసి సౌర్ క్రీమ్ అనే త్రయం పెట్టాడు. 1981లో "18వ శతాబ్దపు ఆర్కెస్ట్రా" అనే పేరుతో వాద్యబృందం స్థాపించి, క్రమంగా రికార్డర్ పక్కన పెట్టి బృందాన్ని నడిపించే కండక్టరయ్యాడు. 2014లో పోయాడు. పెద్ద రికార్డర్ కళాకారుడు చివరికి సింఫనీలు నడిపించాడంటే వాద్యం మీద విసుగని కొందరంటారు. నాకలా అనిపించదు. బేతోవెన్ కావాలనుకున్న మనిషికి ఈ కర్రలో బేతోవెన్ లేడు, అంతే.

ఇక సంపాదన. ఈ విషయంలో చరిత్రలో ఒక ముచ్చటైన కాగితం ఉంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో యాకబ్ వాన్ ఐక్ అని పుట్టు అంధుడు, చర్చి గంటల వాద్యకారుడు. 1649లో ఆయన జీతం 80 గిల్డర్ల నుంచి 100కు పెంచారు. సాయంత్రాలు చర్చి ఆవరణలో నడిచేవాళ్ళకు అప్పుడప్పుడూ తన చిన్న వేణువు వినిపించాలన్నది షరతు. ఆయన చెబుతుండగా ఇంకొకరు రాసుకున్న వరుసలు, ఒక్క సొప్రానోకు దాదాపు 140, ఈనాటికీ ప్రతి విద్యార్థి వాయించాల్సిందే. ఒక్కటి గమనించండి. అప్పుడు కూడా అసలు ఉద్యోగం గంటలది, రికార్డర్‌కు ఇచ్చింది 20 గిల్డర్ల బోనస్.

ఇప్పటికీ అదే పద్ధతి. సింఫనీ ఆర్కెస్ట్రాలో రికార్డర్‌కు శాశ్వతమైన కుర్చీ లేదు. బరోక్ బృందాలు, అంటే సుమారు 1600 నుంచి 1750 దాకా వచ్చిన సంగీతం వాయించేవి, అవసరం పడ్డప్పుడు పిలుస్తాయి. యేసు శిలువ కథను పాడే బాఖ్ రచన మత్తయి పాషన్ చూడండి, రెండున్నర గంటలకు పైగా సాగుతుంది, అందులో రెండు రికార్డర్లు వచ్చేది ఒక్క అంశంలో. ఆ కాలంలో ఓబో అనే మరో ఊదే వాద్యం వాళ్ళే రికార్డర్ కూడా పట్టుకునేవారు. ఇప్పుడు కూడా ఖర్చు తగ్గించుకోవాలనుకున్న బృందం ఓబో కళాకారుడినే అడుగుతుంది. అందుకని పాఠాలు చెప్పడం, చిన్న బృందం నడపడం, వేసవి శిబిరాలు, ఔత్సాహికుల సమూహాలకు శిక్షణ, వీటన్నిటినీ కలిపితేనే ఒక జీతం. ఆంస్టర్‌డామ్ లోకీ స్టార్‌డస్ట్ క్వార్టెట్ 1978లో విద్యార్థుల బృందంగా మొదలై దశాబ్దాలు నిలబడింది. డెన్మార్క్ కళాకారిణి మికాలా పెట్రీ 2006లో సొంత రికార్డు సంస్థ పెట్టుకుంది. ఎవరో పిలుస్తారని కూర్చుంటే ఈ రంగంలో పూట గడవదు.

చదువు నెదర్లాండ్స్‌లో అయితే నాలుగేళ్ళ బ్యాచిలర్, రెండేళ్ళ మాస్టర్. ప్రవేశానికి వాయించాల్సింది సాధారణంగా ఇలా ఉంటుంది. వాన్ ఐక్ వరస ఒకటి. 1600ల మొదట్లో వచ్చిన ఇటలీ సొనాటా (ఒకటి రెండు వాద్యాల కోసం రాసే రచన) ఒకటి, ఉదాహరణకు స్వరకర్త కస్తెల్లో 1629లో వెనిస్‌లో అచ్చు వేసిన రెండో సంపుటం నుంచి. టెలిమాన్ లాంటి బరోక్ సొనాటా, నెమ్మది భాగంలో సొంత అలంకారాలతో. 1960 తర్వాతి ఏక వాద్య రచన ఒకటి. అలంకారాలు ఎలా నేర్చుకోవాలని అడుగుతారు. టెలిమాన్ 1728లో మెథడికల్ సొనాటాలని వేశాడు. ఫ్లూట్‌కో వయొలిన్‌కో అవి. అందులో సాదా వరస, దాని పక్కనే అలంకరించిన వరస అచ్చు వేశాడు. అలంకరించినదాన్ని మూసి మీ వరస కట్టుకోండి, తర్వాత తెరిచి పోల్చుకోండి. అంతకన్నా మంచి గురువు లేడు.

ఇప్పుడు అసలు పని దగ్గరికొద్దాం. శ్రుతి తప్పకుండా చిన్నగా, పెద్దగా ఎలా వాయిస్తారు? వేళ్ళతో. ఆల్టోలో బొటనవేలు, ఎడమచేతి మొదటి మూడు వేళ్ళు మూస్తే సి అనే స్వరం వస్తుంది. దీన్ని చిన్నగా వాయించాలి. ఊపిరి తగ్గించగానే శ్రుతి దిగుతుంది. అందుకని మూడో వేలిని వెంట్రుకవాసి పక్కకు జరుపుతారు, రంధ్రం అంచు కొద్దిగా తెరుచుకుని శ్రుతి పైకి లేస్తుంది. పెద్దగా వాయించాలంటే ఇదంతా తిరగేయాలి. ఊపిరి పెంచి, కింది చివర ఉన్న రంధ్రాల్లో ఒకటి మూస్తే పైకి పోయిన శ్రుతి తిరిగి దిగుతుంది.

(చూపారు.)

ప్రతి స్వరానికీ మామూలు వేళ్ళ కూర్పు ఒకటి, చిన్నదానికి ఒకటి, పెద్దదానికి ఒకటి. ఆ పట్టిక ఎవరికివారు తమ వాద్యం మీద తయారు చేసుకోవాలి. మీ పట్టిక పక్కవాళ్ళ వాద్యం మీద పనిచేయదు.

ఊపిరి బలం ఇష్టమొచ్చినట్టు మార్చలేని వాద్యానికి మాట నాలుక మీద ఉంటుంది. ఈ సంగతి తెలుగువాళ్ళకు చాలా తేలిగ్గా పట్టుబడుతుందని నా నమ్మకం. స్వరాలు మొదలుపెట్టడానికి నాలుకతో పలికే అక్షరాలను గనాస్సీ 1535లోనే మూడు జతలుగా చెప్పాడు. తె-కె గట్టిది, తె-రె మధ్యది, లె-రె మెత్తనిది. మన మృదంగం వాళ్ళు తకధిమి అంటూ నోటితో లెక్క చెప్పినట్టే. 1707లో ఫ్రాన్స్‌లో ఓత్తెతేర్ తు-రు జత చెప్పాడు, అక్కడ జంటలో ఒక స్వరం కాస్త బరువుగా, ఒకటి తేలిగ్గా ఊగుతుంది. ఇంగ్లీషు పుస్తకాలు చూసి మన పిల్లలు దీన్ని "టూ, టూ" అని పలుకుతారు. వద్దు. మన ట పలకాలంటే నాలుక వెనక్కి మడత పడుతుంది. మడిచి విప్పేలోపు ఆలస్యం, ముందు ఒక చిటుకు శబ్దం. మన త అయితే నాలుక కొస పళ్ళ దగ్గరే ఉంటుంది. ఇటలీ, ఫ్రెంచి త కూడా అలాంటిదే. మెత్తగా కావాలంటే ద. ఇంకా మెత్తగా ర, ల. వేగంగా పోవాలంటే తకతక. ఒకే స్వరం మీద "తు", "దు", "రు", "లు" నాలుగూ వాయించి, పక్కగదిలో ఉన్నవాళ్ళు తేడా చెప్పగలిగితే నాలుక సిద్ధమైనట్టు. చెప్పలేకపోతే ఇంకా ఊపిరితోనే పని చేయిస్తున్నారని అర్థం.

ఇక బొటనవేలు. పై స్థాయిలోకి వెళ్ళాలంటే వెనక రంధ్రాన్ని పూర్తిగా తెరవకూడదు, గోరు అంచుతో ఒక సన్నటి గీత వదలాలి. వేలిని రంధ్రం మీద జార్చకూడదు, కణుపు దగ్గర వంచాలి. సందు వెడల్పయితే పై స్వరాలు పగులుతాయి, మరీ మూస్తే కింది స్థాయే పలుకుతుంది. గోరు పొడుగ్గా ఉంటే చెక్క అరుగుతుంది. ఏళ్ళ తరబడి వాయించిన రికార్డర్‌ను తిప్పి చూడండి, ఆ రంధ్రం పై అంచున చిన్న గాడి పడి ఉంటుంది. అది ముదిరితే ఎంత సాధన చేసినా పై స్వరాలు నిలవవు. తయారీదారు అక్కడ గట్టి పదార్థంతో కొత్త ఉంగరం లాంటిది దించి సరిచేస్తాడు. చాలామంది ఇది తెలియక తమ వేలిని తిట్టుకుంటారు.

కొనాల్సిన వాద్యాల సంగతి. ఇవాళ్టి సాధారణ శ్రుతి ఎ 440, అంటే ఎ అనే స్వరం సెకనుకు 440 కంపనాలు. బరోక్ బృందాలు ఎక్కువగా 415, అంటే సుమారు ఒక స్వరస్థానం తక్కువ. ఫ్రెంచి సంగీతానికి 392 కూడా అడుగుతారు, 1600ల నాటి ఇటలీ సంగీతానికి 466. పైముక్కను కాస్త బయటికి లాగితే సరిపోదా అంటారు. రెండు మిల్లీమీటర్లు లాగితే కొద్దిగా దిగుతుంది, నిజమే. కానీ పొట్టి గొట్టంతో పలికే స్వరాలు, అంటే పైచేతి వేళ్ళతో వచ్చేవి, ఎక్కువ దిగుతాయి; వేళ్ళన్నీ మూసినప్పటివి తక్కువ దిగుతాయి. వాద్యం తనతో తనే శ్రుతి తప్పుతుంది. అందుకే 440కి ఒక ఆల్టో, 415కి ఒకటి, రెండు సొప్రానోలు, వివాల్డి రచనల కోసం సొప్రానినో, డి శ్రుతిలో ఉండే వాయిస్ ఫ్లూట్, టెనర్, గనాస్సీ తరహా వెడల్పు గొట్టం వాద్యం ఒకటి, బాస్. తొమ్మిది అయ్యాయి. పేరున్న తయారీదారు దగ్గర వరుసలో నిలబడాలి కూడా.

దీనికి తోడు వేడి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది. స్వరస్థానం వంద సెంట్లు. 18 డిగ్రీల చర్చిలో సరిచేసుకున్న వాద్యం జనం నిండి 25 అయ్యేసరికి 20 సెంట్లు పైన ఉంటుంది. పక్కన వాయించే హార్ప్‌సికార్డ్ అనే పాత కీబోర్డు వాద్యం తీగలు వేడికి దిగుతాయి, ఇది ఎక్కుతుంది. విరామంలో ఆ రెండు వాద్యాలవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేది అందుకే.

కొత్త సంగీతంలో తమాషా ఏమిటంటే, పాత వాళ్ళు లోపం అన్నదాన్నే స్వరకర్తలు సరుకుగా తీసుకున్నారు. శ్రుతి జారుతుందా, జారనివ్వండి. రంధ్రం మీద వేలు జార్చి ఒక స్వరం నుంచి ఇంకోదానికి పాకడం, మన వేణువులో నిత్యం ఉన్న పనే, ఐరోపా సంగీతంలో అదొక ప్రత్యేక విద్య. వేళ్ళను అడ్డదిడ్డంగా మూసి ఊదితే ఒకేసారి రెండు మూడు స్వరాలు పలుకుతాయి. బెరియో రాసిన గెస్తిలో వేళ్ళకు ఒక వరస, నోటికి ఒక వరస వేరువేరుగా రాసి ఉంటాయి. వేళ్ళు ఒక దారి, ఊపిరి ఒక దారి. ఏళ్ళ తరబడి రెండూ కలిసి కదిలేలా సాధన చేసిన మనిషికి వాటిని విడదీయడం ఎంత నరకమో ఊహించండి. మకి ఇషీ 1975లో రాసిన బ్లాక్ ఇంటెన్షన్‌లో ఒకే మనిషి రెండు సొప్రానోలు ఒకేసారి వాయిస్తారు.

స్వరకర్తతో రాయించుకునేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ బహుస్వరాలు వాద్యాన్ని బట్టి మారతాయి. లోపలి గొట్టం కొలత కొంచెం మారినా రెండు స్వరాలు వచ్చే చోట గరగర మాత్రమే వస్తుంది. అందుకని స్వరకర్త చేతికి పట్టిక ఒక్కటే ఇవ్వకండి. వేళ్ళ కూర్పు గీసి, ఏ తయారీదారు ఏ నమూనానో రాసి, వాయించిన రికార్డింగ్ జత చేయండి. ఏది మెల్లగా మాత్రమే పలుకుతుందో, ఏది వెంటనే పలకదో గుర్తు పెట్టండి. ఇది చేయకపోతే మొదటి ప్రదర్శన తర్వాత ఆ రచనను ఇంకెవరూ వాయించలేరు. జర్మన్ తయారీదారు హెర్బర్ట్ పెట్‌జోల్డ్ ప్లైవుడ్‌తో చేసిన చదరపు గొట్టం పెద్ద బాస్‌లు కూడా ఈ రంగంలోకి బాగా వచ్చాయి. మైకు దగ్గర పెడితే వాటి మీటల టకటకలే తాళవాద్యం అవుతాయి.

సంరక్షణ రెండు మాటల్లో చెప్పేస్తాను. కొత్త చెక్క వాద్యాన్ని మొదటి వారం రోజుకు పది పదిహేను నిమిషాలకు మించి వాయించకండి, తర్వాత మెల్లగా పెంచండి. తడికి దిమ్మ ఉబ్బి గాలి దారి మూసుకుపోతుంది. ఏసీ హాల్లో పైముక్కను చంకలోనో కోటు లోపలో పెట్టుకుని వెచ్చబెట్టాలి, లేకపోతే ఊపిరి తేమ చుక్కలై అడ్డం పడుతుంది. అడ్డం పడితే గట్టిగా లోపలికి పీల్చండి. ఆ పలచటి అంచు మీద వేలు గానీ గుడ్డ గానీ పెట్టొద్దు, అది దెబ్బతింటే వాద్యం పోయినట్టే. నూనె లోపలి గొట్టానికి పట్టించాలి, దిమ్మకు ఎప్పుడూ పట్టించకూడదు. మే నెలలో కారులో వదిలేస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

(సభలో నుంచి ప్రశ్న: పిల్లలకు ఏది కొనాలి?)

ప్లాస్టిక్ సొప్రానో చాలు. యమహా వాటిలో వైఆర్ఎస్-23 అని ఒకటి, వైఆర్ఎస్-24బి అని ఒకటి ఉంటాయి. చూడ్డానికి కవలలు. 24బి తీసుకోండి, అది బరోక్ వేళ్ళ పద్ధతి. మొదటిది జర్మన్ వేళ్ళ పద్ధతి. పీటర్ హర్లాన్ అనే జర్మన్ తయారీదారు దాన్ని 1920లలో పిల్లలకు తేలికని ప్రచారంలోకి తెచ్చాడు. సి ని షడ్జమం అనుకుంటే అందులో శుద్ధ మధ్యమం ఒక్కో వేలూ వరసగా మూస్తే వచ్చేస్తుంది, అదే ఆశ. కానీ దాని బదులు, ఒక స్వరస్థానం పైనుండే ప్రతిమధ్యమం శ్రుతిలో నిలవదు. శుద్ధ మధ్యమం ఉన్న శంకరాభరణం రాగం వరకు హాయిగా ఉంటుంది, పిల్ల ప్రతిమధ్యమం ఉన్న కల్యాణి మొదలుపెట్టిన రోజున తెలుస్తుంది. దుకాణంలో పెట్టె మీద అక్షరాలు చెరిగిపోయి ఉంటే వాద్యాన్నే చూడండి. పైనుంచి లెక్కపెట్టి, నాలుగో రంధ్రం ఐదోదానికన్నా చిన్నదైతే అది బరోక్ పద్ధతి. ఐదోది చిన్నదైతే తిరిగి ఇచ్చేయండి.